20 ఏళ్లు ఇంట్లో ఉండాల్సిన స్పీకర్లు: నేనైతే ఏం చూసి తీసుకుంటాను

మీరు అడిగింది ఇదీ. 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న హాలు. ఒకసారి స్పీకర్లు తీసుకుంటే మళ్లీ 20 ఏళ్లదాకా ఆ ఆలోచనే రాకూడదు. ముందు మూడు దారులున్నాయి: ఫోన్‌తో నడిచే వైర్‌లెస్ జత, నిలువెత్తు టవర్లు, లేదా చిన్న బుక్‌షెల్ఫ్ జతకు విడిగా ఒక ఆంప్లిఫయర్. షోరూమ్‌లో టవర్లు విన్నప్పటినుంచి మనసు అటే లాగుతోంది, కానీ ఇంటికొచ్చాక ఎలా ఉంటాయో అని టెన్షన్.

మీ గదికి నేను మూడోదే చెప్తాను. కారణాలు కాస్త వివరంగా రాస్తున్నాను. అవి తెలిస్తే ఏ కంపెనీది, ఏ మోడల్ అన్నది ఎవర్నీ అడగకుండా మీరే తేల్చుకోగలరు.

మా ఇంట్లో ఇప్పుడు మోగుతున్న జతకు 24 ఏళ్లు. ఈలోగా దాని వెనక మూడు ఆంప్లిఫయర్లు మారాయి, పాట వచ్చే చోటు క్యాసెట్ నుంచి సీడీకి, సీడీ నుంచి ఫోన్‌కి మారింది. స్పీకర్లు మాత్రం అవే. తెలిసినవాళ్ల స్పీకర్లు విప్పి బాగుచేసిపెట్టడం కూడా నాకు చాలాకాలంగా అలవాటు. విప్పి చూసిన అనుభవంతో చెప్తున్నాను, స్పీకర్ పాడయ్యే దారులు చాలా తక్కువ. ఆ నాలుగైదూ కొనే రోజునే చూసుకుంటే చాలావరకు నిశ్చింత.

అసలు స్పీకర్ అన్నది పాతబడే వస్తువు కాదు. 1925లో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసే చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ ఇద్దరూ చూపించిన పద్ధతే ఇవాళ్టికీ నడుస్తోంది. ఒక అయస్కాంతం, దాని సందులో తీగచుట్ట, ఆ చుట్టకు అతికించిన కోన్. తీగలో కరెంటు అటూ ఇటూ పారితే కోన్ ముందుకూ వెనక్కూ కదులుతుంది, గాలి కదులుతుంది, మనకు వినిపిస్తుంది. వందేళ్లలో జిగుర్లు మెరుగయ్యాయి, కోన్లు మెరుగయ్యాయి, కొలతలు చాలా మెరుగయ్యాయి. మూలం మాత్రం మారలేదు. క్లిప్ష్ కంపెనీ 1946లో మొదలుపెట్టిన క్లిప్ష్‌హార్న్ మోడల్ ఇప్పటికీ తయారవుతోంది. బీబీసీ వాళ్లు 1970లలో తమ ప్రసార వ్యాన్లలో వాడుకోవడానికి డిజైన్ చేసిన ఎల్‌ఎస్3/5ఏ అడుగు ఎత్తు కూడా దాటని చిన్న పెట్టె. దాని పాత జతల్ని ఇవాళ్టికీ వెతికి మరీ కొనుక్కుంటారు. వెనక వైరు బిగించే రెండు టెర్మినల్స్ తప్ప ఇంకేమీ లేని స్పీకర్‌కు ఏ కాలపు ఆంప్లిఫయర్ అయినా కలుస్తుంది.

పాతబడేదల్లా దానికి మనం తగిలించేది. వైర్‌లెస్ చిప్, యాప్, ఖాతా, పాస్‌వర్డ్.

మా బావమరిది ఒక వైర్‌లెస్ జత కొన్నాడు. శబ్దం నిజంగా బాగుండేది, నేనే మెచ్చుకున్నాను. ఆరేళ్లకు ఆ కంపెనీ పాత మోడళ్లకు యాప్ అప్‌డేట్లు ఆపేసింది. తర్వాత ఫోన్ మార్చాడు, కొత్త ఫోన్‌లో ఆ యాప్ ఎక్కలేదు. లోపల బరువైన శబ్దం ఇచ్చే వూఫర్ బాగుంది, సన్నటి శబ్దం ఇచ్చే ట్వీటర్ బాగుంది, పెట్టె మీద గీత కూడా లేదు. కానీ పాట లోపలికి వెళ్లే దారి లేదు. వైరు పెట్టుకునే చోటు వెనక ఎక్కడా ఇవ్వలేదు. అంత మంచి పెట్టెలు మూగగా షెల్ఫ్‌లో కూర్చోవడం చూస్తే ఇప్పటికీ నాకు బాధేస్తుంది.

లోపలే ఆంప్లిఫయర్ ఉన్న యాక్టివ్ స్పీకర్లు చెడ్డవని నేను అనడం లేదు. ఇంజినీరింగ్ లెక్కన వాటికి లాభాలున్నాయి. వూఫర్‌కు ఒక ఆంప్, ట్వీటర్‌కు ఒక ఆంప్, ఏ శబ్దం ఎటు పోవాలన్నది ఆంప్‌కు ముందే తేలిపోతుంది. స్టూడియోల్లో ఎక్కువగా ఉండేవి అవే. కానీ వేడి పుట్టే సర్క్యూట్‌ను మూసిన పెట్టెలో పెట్టినప్పుడు పవర్ సప్లైలోని కెపాసిటర్లు, అంటే కరెంటును కాస్సేపు పట్టి ఉంచే చిన్న భాగాలు, త్వరగా ఎండిపోతాయి. ఆంప్ పోయిన రోజున స్పీకర్ మొత్తం పోయినట్టే. తప్పనిసరిగా యాక్టివే కావాలనుకుంటే వైరు పెట్టుకునే మామూలు అనలాగ్ ఇన్‌పుట్ ఉన్నది చూడండి. వైర్‌లెస్ సౌకర్యాన్ని బయట ఒక చిన్న డబ్బాతో తెచ్చుకోండి. అది పాతబడితే డబ్బా ఒక్కటే మారుతుంది.

ఇక పాడయ్యే దారుల సంగతి. వీటిలో పెద్దది ఫోమ్.

నా మొదటి జతకు 11 ఏళ్లు వచ్చినప్పుడు ఒక సాయంత్రం మృదంగం వింటున్నాను. ఎడమవైపు స్పీకర్‌లో, తొప్పి (మృదంగంలో బరువుగా మోగే వైపు) మీద గుమ్మని దెబ్బ పడినప్పుడల్లా కాగితం చిరిగినట్టు చిన్న జరజర. రికార్డింగ్‌లోనే ఉందేమో అనుకుని హెడ్‌ఫోన్లో విన్నాను, అక్కడ లేదు. గ్రిల్ గుడ్డ తీసి టార్చి వేసి చూశాను. కోన్ చుట్టూ ఉండే మెత్తటి అంచు, దాన్ని సరౌండ్ అంటారు, పైకి బాగానే ఉంది. వేలితో అలా తాకానంతే, కాలిన కాగితంలా పొడిపొడి అయి రాలిపోయింది. వేలికి నల్లగా, జిగటగా అంటుకుంది. కుడివైపు స్పీకర్ కూడా అంతే, ఇంకా విరగలేదు, అంతే తేడా.

అది పాలీయురథేన్ ఫోమ్. గాలిలోని తేమ దాన్ని నెమ్మదిగా తినేస్తుంది. మీరు వాడినా వాడకపోయినా, అట్టపెట్టెలో భద్రంగా దాచినా తినేస్తుంది. పదేళ్లు, పదిహేనేళ్లు, వాతావరణాన్ని బట్టి. తేమ ఎక్కువున్న చోట ఇంకా ముందే. "నేను అసలు వాడనే లేదు, కొత్తదానిలా ఉంది" అని ఎవరైనా పాత ఫోమ్ స్పీకర్ అమ్మజూపితే ఆ మాటకు విలువ లేదు.

అయితే ఆ జతను నేను పారేయలేదు. కొత్త ఫోమ్ రింగులు తెప్పించి రెండు సాయంత్రాలు కూర్చున్నాను. మొదటి సాయంత్రమంతా పాత జిగురు గీకడానికే సరిపోయింది. స్పిరిట్‌లో తడిపిన దూదితో, కోన్ నలగకుండా, అంగుళం అంగుళం. రెండో రోజు అసలు పని. కొత్త రింగు అతికేటప్పుడు తీగచుట్ట అయస్కాంతం సందులో సరిగ్గా మధ్యలో ఉండాలి. ఆ సందు ఎంత సన్నమంటే, కోన్ ఒక వెంట్రుకవాసి పక్కకు ఒరిగినా తీగ రాసుకుంటుంది. జిగురు ఆరేలోపు వూఫర్‌కు 30 హెర్ట్జ్ (సెకనుకు 30 సార్లు ఊగే) శబ్దం చాలా తక్కువ వాల్యూమ్‌లో పెట్టి ఉంచాను. కోన్ మెల్లగా ఊగుతుంటుంది. రాపిడి ఉంటే గరగరమని చెవికి తెలుస్తుంది, వేలితో అంచును కాస్త అటూ ఇటూ జరిపితే ఒకచోట ఆ గరగర ఆగిపోతుంది. ఆగిన చోట వదిలేశాను. ఆ జత మా తమ్ముడింట్లో మరో పన్నెండేళ్లు మోగింది.

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, ఈ పని కుదిరింది వూఫర్ ముందువైపు స్క్రూలతో బిగించి ఉండబట్టే. ఆరు స్క్రూలు విప్పితే చేతిలోకి వచ్చింది. ఈ మధ్య కొన్ని మోడళ్లలో అందం కోసం స్క్రూలు కనపడకుండా రింగు అతికించేస్తున్నారు. అలాంటిది నచ్చితే ఆ రింగు ఊడదీయవచ్చో లేదో అడిగి తెలుసుకోండి.

కాబట్టి సరౌండ్ ఏమిటన్నది మొదటి ప్రశ్న. రబ్బరైతే చాలా నయం, మంచి బ్యూటైల్ రబ్బరు పాతికేళ్లకూ మెత్తగానే ఉండటం నేను చూశాను. మందు పూసిన గుడ్డ సరౌండ్ ఇంకా గట్టిది. ముడతలు ముడతలుగా అకార్డియన్ మడతల్లా ఉంటుంది, పెద్ద పాత స్పీకర్లలో కనిపిస్తుంది. ఫోమ్ అయితే 20 ఏళ్ల లెక్కలో ఒకసారి రిపేరు రాసిపెట్టుకోండి.

రెండోది విడిభాగాలు. యమహా ఎన్‌ఎస్-10 కథ మీకు తెలిసే ఉంటుంది. తెల్ల కోన్ ఉండే ఆ స్పీకర్ 1978లో ఇళ్ల కోసం వచ్చి, రికార్డింగ్ స్టూడియోల్లో స్థిరపడిపోయింది. 2001లో దాన్ని ఆపేయాల్సి వచ్చింది. అమ్మకాలు లేక కాదు, ఆ కోన్‌కు వాడే కాగితపు గుజ్జు దొరకక. ఒక్క భాగం దొరక్కపోతే అంత పేరున్న స్పీకర్‌కే గతి లేకపోయింది. అందుకే నేను షోరూమ్‌లో అడిగే మొదటి మాట ధర గురించి కాదు. "ఈ కంపెనీ పదేళ్ల కిందటి మోడల్‌కు ఇవాళ ట్వీటర్ ఇస్తుందా?" అని అడుగుతాను. జవాబు వెంటనే వస్తే ఆ కంపెనీ మీద నాకు గౌరవం పెరుగుతుంది. నీళ్లు నమిలితే ఆ జతను పక్కన పెట్టేస్తాను.

లోపల క్రాసోవర్ అనే చిన్న బోర్డు ఉంటుంది. బరువైన శబ్దాన్ని వూఫర్‌కు, సన్నటి శబ్దాన్ని ట్వీటర్‌కు పంచేది అదే. దాంట్లో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉంటే రెండు మూడు దశాబ్దాల్లో విలువ జారిపోతుంది, శబ్దం మందంగా అవుతుంది. ఫిల్మ్ కెపాసిటర్లకు ఆ బాధ చాలా తక్కువ. ఇది పెద్ద విషయం కాదు, సోల్డరింగ్ తెలిసిన ఎవరైనా గంటలో మార్చేస్తారు. పెట్టె ఎండీఎఫ్ (చెక్కపొడిని అదిమి చేసే పలక)దైతే అడుగు అంచులు చూసుకోండి. నేల తుడిచే తడి తగిలితే ఉబ్బిపోతుంది, ఉబ్బింది మళ్లీ దిగదు. టవర్లకు ఈ ప్రమాదం ఎక్కువ, స్టాండు మీద ఉండే బుక్‌షెల్ఫ్‌కు అసలు లేదు.

ఇప్పుడు శబ్దం. మన్నిక ఎంత ఉన్నా వినగా వినగా విసుగొచ్చే స్పీకర్ ఇంట్లో నిలవదు. రిపేరుకు రాకుండానే జనం స్పీకర్లు మార్చేది ఇందుకే, ఈ విషయం మీద నాకు చాలా పట్టింపు.

షోరూమ్‌లో మనల్ని మోసం చేసేది ఎక్కువగా వాల్యూమ్. రెండు స్పీకర్లలో ఒకటి ఒక్క డెసిబెల్ గట్టిగా మోగినా "ఇదేదో ఇంకా స్పష్టంగా ఉంది" అనిపిస్తుంది, గట్టిగా ఉందని మాత్రం తోచదు. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇంకో సంగతి కొలిచి చూపించారు. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి బాస్, అంటే బరువైన శబ్దం, మిగతా వాటికన్నా ఎక్కువగా తగ్గినట్టు వినిపిస్తుంది. షోరూమ్‌లో మీరు విన్న టవర్లు గట్టిగా మోగుతున్నాయి కాబట్టే అంత నిండుగా అనిపించి ఉంటాయి. ఇంట్లో రాత్రి పదింటికి పిల్లలు పడుకున్నాక మీరు పెట్టే వాల్యూమ్ అది కాదు. ఫోన్‌లో డెసిబెల్ మీటర్ యాప్ పెట్టుకుని, మీరు ఇంట్లో ఎంతలో వింటారో ముందు కొలుచుకోండి. అంతే వాల్యూమ్‌లో అన్ని జతలూ వినండి. కళ్లు మూసుకుని విన్నా, ఏది మోగుతోందో పక్కవాళ్లు చెప్పకుండా ఉంటే ఇంకా మంచిది.

కళ్ల మాట ఊరికే అనలేదు. ఫ్లాయిడ్ టూల్ అనే ఆయన కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఏళ్ల తరబడి స్పీకర్లను తెర వెనక పెట్టి జనానికి వినిపించారు, ఆ ఫలితాలు 1980ల మధ్యలో అచ్చయ్యాయి. తర్వాత షాన్ ఆలివ్‌తో కలిసి 1994లో చూపించింది ఇది: స్పీకర్ కనబడుతుంటే వేసే మార్కులు వేరు, కనబడకపోతే వేసే మార్కులు వేరు. పరిమాణం, ధర, పేరు అన్నీ చెవిలోకి దూరుతాయి. తెర వెనక విన్నప్పుడు మాత్రం చాలామంది ఒకే రకం స్పీకర్లను మెచ్చారు. ఎదురుగా కొలిస్తే ఏ శబ్దాన్నీ పెంచకుండా తగ్గించకుండా ఇచ్చేవి, పక్కలకు పోయే శబ్దం కూడా గతుకులు లేకుండా నెమ్మదిగా తగ్గేవి.

పక్కలకు పోయే శబ్దం మనకెందుకు అనిపించొచ్చు. మామూలు ఇంట్లో కుర్చీ దగ్గరికి వచ్చే శబ్దంలో చాలా భాగం గోడలకు, కప్పుకు, నేలకు తగిలి వచ్చేదే. ఎదురుగా చక్కగా ఉండి పక్కలకు వంకరగా పోతే ఆ వంకరంతా గోడల మీదినుంచి మన దగ్గరికే వస్తుంది. గంటసేపు వినేసరికి తల బరువెక్కడానికి, కారణం తెలియకుండానే వాల్యూమ్ తగ్గించేయడానికి ఇది పెద్ద కారణం. ఈ కొలతల్ని ఒకచోట చూపించే గ్రాఫును స్పినోరామా అంటారు. స్పీకర్‌ను చుట్టూ తిప్పుతూ 70 కోణాల్లో కొలిచి గీస్తారు, దానికి సీటీఏ-2034 అనే ప్రమాణం ఉంది. ఇవాళ చాలా మోడళ్లకు ఇది ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. పైగీత సాఫీగా, అడ్డంగా పోవాలి. కింది గీతలు ఎక్కడా ఉలిక్కిపడినట్టు లేవకుండా, పడకుండా కుడివైపుకు వాలాలి. చిన్న చిన్న అలలను పట్టించుకోకండి, వెడల్పాటి గుట్టలు, గుంటలు మాత్రం చూడండి.

గ్రాఫు లేకపోతే నా పాత పరీక్ష ఒకటుంది. మీకు బాగా తెలిసిన ఒక గొంతు పెట్టండి, పాటైనా మాటైనా సరే. ఎదురుగా కూర్చుని పది నిమిషాలు వినండి. లేచి పక్కకు నడవండి, తర్వాత తలుపు తీసి ఉంచి పక్క గదిలోకి వెళ్లి వినండి. అక్కడినుంచి కూడా లోపల నిజంగా మనిషే పాడుతున్నట్టు ఉంటే అది మంచి స్పీకర్. డబ్బాలోంచి వచ్చినట్టో, ముక్కుతో పాడినట్టో మారిపోతే వద్దు. తంబూర శ్రుతి కూడా ఈ పనికి బాగా పనికొస్తుంది, ఒకే శ్రుతి చాలాసేపు నిలిచి ఉంటుంది కాబట్టి గదిలో నడుస్తుంటే ఎక్కడెక్కడ రంగు మారుతోందో ఇట్టే పట్టిస్తుంది. మొదటి నిమిషంలోనే "అబ్బా, ఎంత వివరంగా ఉంది!" అనిపించిన స్పీకర్‌ను కనీసం గంట వినకుండా తీసుకోకండి. ఆ మెరుపు చాలాసార్లు ట్రెబుల్ (సన్నటి శబ్దం) కాస్త ఎత్తి ఉంచడం వల్ల వస్తుంది, నెల తిరిగేసరికి అదే సకారాల దగ్గర సూదిలా గుచ్చుకుంటుంది. వెనక్కి ఇచ్చే వెసులుబాటు ఉంటే ఇంటికి తెచ్చుకుని వినడానికి మించింది లేదు.

ఇక గది. టవర్లు మీకు వద్దనడానికి అసలు కారణం ఇది.

ఎదురెదురు గోడల మధ్య కొన్ని బాస్ శబ్దాలు ఇరుక్కుపోయి ఒకచోట ఉబ్బుతాయి, ఇంకోచోట మాయమైపోతాయి. లెక్క చాలా సులువు: 565ను గోడల మధ్య అడుగుల దూరంతో భాగించండి. మీ 14 అడుగులకు దాదాపు 40 హెర్ట్జ్, 11 అడుగులకు 51, ఎత్తుకు 56 పైచిలుకు. మూడూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. సరిగ్గా అక్కడే పెద్ద టవర్లు గట్టిగా మోగుతాయి. షోరూమ్ హాలు పెద్దది కాబట్టి అక్కడ ఆ బాస్‌కు చోటుంది. మీ గదిలో మాత్రం ఏ పాట పెట్టినా ఒకే స్వరం గుమ్‌మంటూ మిగతావాటిని మింగేస్తుంది. 200, 300 హెర్ట్జ్ కింద శబ్దం ఎలా ఉండాలో స్పీకర్ కన్నా గదే ఎక్కువగా నిర్ణయిస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర తనంతట తాను తగ్గిపోయే బుక్‌షెల్ఫ్ జత ఇలాంటి గదిలో టవర్ కన్నా శుభ్రంగా వినిపించడం నేను ఎన్నో ఇళ్లలో చూశాను.

తర్వాత బాస్ చాలదనిపిస్తే బాస్ మాత్రమే ఇచ్చే సబ్‌వూఫర్ ఒకటి చేర్చుకోవచ్చు. దాన్ని గదిలో ఎక్కడ బాగుంటే అక్కడ పెట్టుకునే స్వేచ్ఛ ఉంటుంది, 80 హెర్ట్జ్ చుట్టుపక్కల కలిపితే రెండూ అతుకు తెలియకుండా కలుస్తాయి. దానిలోపల ఆంప్ ఉంటుంది కాబట్టి ముందుగా పోయేది అదే. పోయినా మీ అసలు జతకు ఏమీ కాదు.

స్పీకర్ వెనక గోడకు ఎంత దూరం అన్నది ఇంకో లెక్క. వెనక్కి పోయిన బాస్ గోడకు తగిలి తిరిగొచ్చి ముందుకు పోయేదాన్ని కొట్టేస్తుంది. స్పీకర్ ముఖం గోడకు 3 అడుగుల దూరంలో ఉంటే 94 హెర్ట్జ్ దగ్గర, 2 అడుగులైతే 141 దగ్గర గుంట పడుతుంది. మృదంగం, మగ గొంతు నిండుదనం ఉండే చోటు అది. రెండు స్పీకర్లూ మీరూ కలిపి సమాన త్రిభుజంలా, ట్వీటర్లు చెవుల ఎత్తులో ఉండేలా పెట్టి, అక్కడినుంచి అరడుగు అరడుగు జరుపుతూ వినండి. ఒక ఆదివారం పొద్దున ఈ పనికి కేటాయిస్తే, ఖరీదైన మోడల్‌కు వెళ్లడం కన్నా ఎక్కువ తేడా వస్తుంది. కుర్చీ తలను వెనక గోడకు ఆనించి మాత్రం పెట్టకండి, బాస్ ఎక్కువగా ఉబ్బేది గోడ పక్కనే.

అంకెల్లో రెండే చూడండి. ఒకటి సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కు ఎంత గట్టిగా మోగుతుందన్నది. అది 86 డెసిబెల్ ఉన్న జతకు ఒక్క వాట్ ఇస్తేనే 10 అడుగుల దూరంలో దాదాపు 80 డెసిబెల్ వినిపిస్తుంది, అది ఇంట్లో గట్టి శబ్దమే. మూడు డెసిబెల్ పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. మీ గదికి 50 వాట్ల మంచి ఆంప్లిఫయర్ ధారాళంగా చాలు. రెండోది ఇంపీడెన్స్, అంటే కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు. 8 ఓమ్‌లని రాసి ఉన్నా కొన్ని మోడళ్లు ఒకచోట 3 ఓమ్‌ల దాకా దిగిపోతాయి, అప్పుడు చిన్న ఆంప్ వేడెక్కి అలసిపోతుంది. కనీస విలువ ఎంతో చూసి తీసుకోండి. వెనక రాసిన వాట్లు స్పీకర్ ఎంత తట్టుకోగలదో సూచిస్తాయే తప్ప ఎంత బాగుంటుందో చెప్పవు. 40 కిలోహెర్ట్జ్ దాకా మోగుతుందన్న గొప్ప కూడా అక్కర్లేదు. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాటి పెద్దగా వినలేదు, వయసుతో పాటు ఆ హద్దు కిందికే దిగుతుంది.

ట్వీటర్లు కాలిపోవడానికి చాలాసార్లు కారణం చిన్న ఆంప్‌ను శబ్దం విరిగిపోయేదాకా పెంచడం. శబ్దం గరుకుగా మారిందంటే ఆంప్ చేతులెత్తేసినట్టు, వెంటనే తగ్గించాలి. పార్టీల్లో స్పీకర్లు పోయేది ఇలాగే.

వైర్ల మీద డబ్బు పెట్టకండి. 1.5 లేదా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు. ప్లస్, మైనస్ రెండు పక్కలా ఒకేలా కలిపారో లేదో మాత్రం రెండుసార్లు చూడండి. ఒకవైపు తిరగబడితే బాస్ పల్చబడిపోతుంది, గొంతు మధ్యలో నిలవకుండా ఎక్కడెక్కడో తేలుతుంది.

వాడిన జత దొరికితే భయపడకండి, నా ఓటు వాటికే ఎక్కువ. కోన్‌ను రెండు వైపులా వేళ్లు ఆనించి సమానంగా, మెల్లగా నొక్కండి. గరుకు తగిలితే తీగ రాసుకుంటోందన్నమాట. వాల్యూమ్ తగ్గించి ఒక్కో ట్వీటర్ దగ్గర చెవి పెట్టి అది పలుకుతోందో లేదో వినండి. రెంటినీ పక్కపక్కన పెట్టి, ఒకే గొంతును మోనోలో (రెండు వైపులా ఒకే శబ్దం వచ్చేలా) పెట్టి బ్యాలెన్స్ అటూ ఇటూ తిప్పండి. రెండూ ఒకేలా ఉండాలి. ఒకటి మందంగా ఉంటే కెపాసిటరో ట్వీటరో మారిందని లెక్క.

ఇంట్లో చిన్నపిల్లలుంటే గ్రిల్ తీయకండి. గుండ్రటి ట్వీటర్ డోమ్‌ను చూస్తే వేలితో నొక్కాలనిపించని పిల్లలు లేరు. నేరుగా ఎండ పడే కిటికీ దగ్గర వద్దు. కొన్న రోజునే వూఫర్, ట్వీటర్ల పార్ట్ నంబర్లు ఒక కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, పెట్టె వెనక అతికించండి. పదిహేనేళ్ల తర్వాత ఆ కాగితమే మిమ్మల్నో మీ పిల్లల్నో కాపాడుతుంది. నా జత వెనక అలాంటిది ఇప్పటికీ ఉంది, పోయినేడాది కుడి ట్వీటర్ మార్చినప్పుడు దాన్ని చూసే తెప్పించాను.

ఒక విషయం మాత్రం మీరు రాయలేదు. స్పీకర్లు పెట్టబోయేది 11 అడుగుల గోడ వైపా, 14 అడుగుల గోడ వైపా? వెనక ఎంత ఖాళీ ఇవ్వగలరు? అడుగు కూడా వదలలేనంటే పోర్ట్ (గాలి వచ్చిపోయే రంధ్రం) వెనక ఉన్న మోడళ్లు పక్కన పెట్టి, పూర్తిగా మూసిన పెట్టె లేదా పోర్ట్ ముందున్నవి చూడాలి. టేపు పట్టి కొలిచి చెప్పండి, దాన్నిబట్టి ఎంత సైజు వూఫర్ సరిపోతుందో చెప్తాను.